కుంటి దరువు

పెరంబూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం డాన్సు.
కాంగా వాయించే మనిషికి కామెర్లు.
మెల్విన్ పెరేరా గిటారు మెళ్లో వేసుకునే
వ్యాసర్పాడిలో మా సందుకొచ్చాడు,
బురదలో తెల్ల బూట్లు ఎత్తెత్తి వేస్తూ.
"మీ మావ ఉన్నాడా?"

ఉన్నాడు. పెంచలయ్య మావ
ఇంటెనక చితుకుల మంట మీద
పలక కాచుకుంటున్నాడు.
తెల్లారితే చెంగమ్మ చావుకి వాయించాలి.
షంటింగ్ యార్డులో రెండు పెట్టెల మధ్య
ఎడమ పాదం సగం వదిలేసొచ్చిన మనిషి.
పరిహారం కాగితం ఇంకా నడుస్తూనే ఉంది
ఏదో ఆఫీసులో,
ఆయనకన్నా మెల్లగా.

నేను కర్ర పట్టుకుని వెనకే పోయాను.
మైనం రుద్దిన చెక్క నేల.
గోడ మీద ఏదో పటం దించేసిన చోట
తెల్లటి చదరం.
పాట మెల్విన్ సొంతంగా కట్టింది.
ఓడలో వంటవాడుగా తిరిగిన వాళ్ల చిన్నాన్న
ఏ రేవులోనో చెవిన వేసుకొచ్చిన లాటిన్ దరువు అడుగున,
దాని మీద రాక్ అండ్ రోల్.
"కింద సముద్రం, పైన రైలు,
తెలిసిందా పెంచల్?"

రెండు చెక్క ముక్కలు కొట్టి చూపించాడు.
టక్ . . టక్ . . టక్ . . . టక్ . టక్

మావకి పడలేదు.
పలక అలవాటైన చెయ్యి
ఖాళీ కనపడితే చాలు, దూకేస్తుంది.
డ్రమ్ముల ముందు నార్మన్ గడియారం చూసుకున్నాడు.
"లెక్కపెట్టు మేన్. పదహారు. అందులో అయిదే కొట్టాలి."
"అయిదుకి పదహారేందయ్యా,
వడ్డీనా?"

విసుగొచ్చి లేచాడు మావ.
బీడీ కోసం తలుపు దాకా నడిచాడు.
ఆ చెక్క నేల మీద
కర్ర, మంచి కాలు, సగం కాలు,
కాసేపు ఏమీ లేదు,
మళ్లీ కర్ర.

నార్మన్ తలెత్తాడు.
"ఆగు. ఇంకోసారి నడువు."

తకిట తకిట తకధిమి తక తకధిమి.
ఈ మాటలు చాలా ఏళ్లకి నేను అంటించుకున్నవి.
ఆ పూట ఎవరమూ ఏమీ అనలేదు.
మావే తన పాదాల వంక వంగి చూసి
"ఓర్నీ, ఇది నా నడకే గదరా" అన్నాడు,
పోగొట్టుకున్న చెప్పు
ఎవరి గుమ్మంలోనో కనపడ్డట్టు.

రాత్రి నన్ను లోపలికి రానీలేదు.
కిటికీ ఊచలకి వేలాడి చూశాను.
ఎవరిదో పూల చొక్కా, మావకి భుజాలు వదులు.
గిటారు బొబ్బలు పెడుతోంది.
గౌన్లు తిరుగుతున్నాయి, చెమట, బ్రిల్‌క్రీమ్ వాసన.
గార్డు రోజారియో గారు, లావుపాటి డోరీన్ ఆంటీ,
నూట యాభై మంది మంచి కాళ్ల వాళ్లు
మా మావ కుంటి కాలు వేస్తున్నారు.
ఆయన ఎవర్నీ చూడలేదు,
తన చేతుల్నే చూసుకున్నాడు,
ఎక్కడ పారిపోతాయో అని.

నలభై రూపాయలు, రెండు కట్లెట్లు.
కట్లెట్లు నాకిచ్చాడు.

ఆదివారం పొద్దున ఇడ్లీల చెంగమ్మ పాడె లేచింది.
వాచిన అరచేతుల్లో పలక పుల్లలు,
మెళ్లో పలక, కర్ర నా దగ్గర.
ఓటేరి దారిలో సగం దాకా
చావు దరువు చావు దరువులాగే ఉంది.
జమాలియా మలుపులో జారింది.
చెయ్యి జారిందో, కాలే చేతిలోకి ఎక్కిందో,
మోసేవాళ్లు ఒక్క క్షణం తొట్రుపడ్డారు,
తర్వాత వాళ్ల నడుములకి అంది వచ్చింది.
పాడె పడవలాగా ఊగింది.

"ఏందిరా పెంచలా, పెళ్లా ఇది?"
అరిచాడు మేస్త్రీ వెంకటసుబ్బడు.
"పెళ్లిది గూడా కాదు సిన్నాయనా.
ఇది నాది."

ఆపుతాడేమో అనుకున్నాను.
చెంగమ్మ చెయ్యొకటి
గుడ్డ కిందనుంచి జారి
బయట ఊగుతోంది, పిండి రుబ్బీ రుబ్బీ
బొటనవేలు పక్కకి తిరిగిన చెయ్యి.
చూసిన వాళ్లెవరూ సర్దలేదు,
రైలు గేటు దాటేదాకా.